బీరువాలో బందీ అయిన వేసవి

పిల్లల చదువు గురించి మన విద్యాశాఖ అసలు అభిప్రాయం ఏమిటో తెలుసుకోవాలంటే, సెలవులకు ముందు రోజు ఏదైనా సర్కారు బడికి వెళ్లి చూస్తే చాలు. ఆ రోజు పిల్లల దగ్గర ఉన్న గ్రంథాలయ పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుంటారు. స్టాకు రిజిస్టరు ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఇనుప బీరువాలో సర్ది, తాళం వేసి, తాళంచెవిని ప్రధానోపాధ్యాయుని సొరుగులో భద్రపరుస్తారు. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజుల పాటు, ఆ తాళం తీసే నాథుడు ఉండడు. పిల్లవాడికి తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా తీరిక దొరికే కాలం ఏడాది మొత్తం మీద ఇదొక్కటే. సరిగ్గా ఆ కాలానికే పుస్తకానికి తాళం పడుతోంది.

ప్రకాశం జిల్లా పడమటి పల్లెలోని ఒక బడిలో ఈసారి సెలవులకు ముందు మా ప్రతినిధి ఎదుట జరిగిన సంగతి ఇది. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె కథల పుస్తకం సగం చదివి, ఆగిన చోట గుర్తుగా వేపరెమ్మ పెట్టుకుంది. మిగతాది చదివి తెచ్చిస్తానని బతిమాలింది. ఉపాధ్యాయుడు కఠినుడేమీ కాదు. ‘బడి తెరిచాక తీసుకుందువులేమ్మా’ అని అనునయంగానే చెప్పి, ఆ రెమ్మను తీసి ఆమె చేతికిచ్చి, పుస్తకాన్ని బీరువాలో పెట్టాడు. బడి తెరిచేనాటికి ఆమె ఐదో తరగతిలో ఉంటుంది. ఆ కథ ఎక్కడ ఆగిందో ఆమెకు గుర్తుండదు, ఆ పుస్తకం ఏ అరలో ఉందో ఆయనకూ గుర్తుండదు. అయితే రిజిస్టరులో లెక్క మాత్రం సరిగ్గా ఉంటుంది. పోయిన పుస్తకం ఒక్కటీ ఉండదు. చదివిన పుస్తకం కూడా ఒక్కటీ ఉండదు.

ఈ తాళానికి కారణం ఉపాధ్యాయుల నిర్దయ కాదు, లెక్కల భయం. ఒక పుస్తకం తగ్గితే తనిఖీకి వచ్చిన అధికారికి సంజాయిషీ చెప్పుకోవాలి, అవసరమైతే సొంత జేబులోంచి కట్టాలి. పుస్తకాలు పిల్లలకిచ్చి చదివించిన ఉపాధ్యాయునికి మాత్రం దక్కేదేమీ లేదు. అలాంటప్పుడు తాళం వేసినవాడే తెలివైనవాడు. కానీ సర్కారు సొమ్ముకు కాపలా కాసే నిబంధనలు కూడా పుస్తకం విషయంలో ఇంత పిసినారితనం చూపలేదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లోని 215వ నిబంధన చదవండి: ఏడాదిలో పాఠకులు వాడిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోయినా, నిర్లక్ష్యమో దురుద్దేశమో లేనంతవరకు, దానిని సహజ నష్టంగానే భావించవచ్చని అందులో ఉంది. పుస్తకాలు చేతులు మారితే కొన్ని పోతాయని కేంద్ర ఆర్థికశాఖ ఒప్పుకుంది. కథల పుస్తకాల విషయంలో మన బడుల యంత్రాంగానికి మాత్రం ఆ మాత్రం పెద్దమనసు లేకపోయింది.

మరి ఇదే యంత్రాంగం 2020లో ‘చదవడం మాకిష్టం’ అనే కార్యక్రమాన్ని ఆర్భాటంగా మొదలుపెట్టింది. ఆ నినాదాన్ని బడి గోడల మీద రంగుల్లో రాయించారు. ఆ గోడకు అవతలే బీరువా ఉంది, బీరువాకు తాళం ఉంది. గోడ మీద ఒక మాట, గోడ వెనుక ఒక పని. మేము అభ్యంతరం చెబుతున్నది ఈ రెండు నాల్కల ధోరణికే.

సెలవుల్లో పిల్లలు మరిచిపోయేది ఎంత అన్నది కొత్త చర్చ కాదు. అమెరికాలో 39 అధ్యయనాలను ఒకచోట చేర్చి 1996లో పరిశీలించిన పరిశోధకులు, వేసవి ముగిసేసరికి పిల్లలు సగటున ఒక నెల చదువు మేరకు వెనకబడుతున్నారని, చదవడంలో మధ్యతరగతి పిల్లలు నిలదొక్కుకోగా పేదింటి పిల్లలే జారిపోతున్నారని తేల్చారు. ఆ లెక్కను తర్వాత ప్రశ్నించినవారూ ఉన్నారు. వారి వివాదం వారిది. మన బడుల్లో జూన్‌లో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు, ఏ పంతులమ్మను అడిగినా చెబుతుంది. మార్చిలో వత్తులు తడబడకుండా చదివిన పిల్లవాడు జూన్‌లో ‘స్త్రీ’ దగ్గర ఆగిపోతాడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుని తీసివేత చేసిన పిల్ల, పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసి చేతులు దులుపుకుంటుంది. పాతవి గుర్తుచేయడానికే జూలై వస్తుంది. అసలే పునాది అంతంతమాత్రం: గ్రామీణ పిల్లల చదువు స్థాయిని సర్వే చేసే 2024 ‘అసర్’ నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. కూడబలుక్కుని చదివే దశలో ఉన్న పిల్లకు ఏడు వారాల పాటు అచ్చక్షరం కంట పడకపోతే ఏమవుతుందో చెప్పడానికి నిపుణులు కావాలా?

ఇంట్లో నాలుగు పుస్తకాలు, ఒక దినపత్రిక, చదువుకున్న అమ్మానాన్నలు ఉన్న పిల్లలకు ఈ తాళంతో పనిలేదు. నెల్లూరులోనో ఒంగోలులోనో డబ్బు కట్టగలిగినవారికి బ్రిడ్జి కోర్సులు, ఫౌండేషన్ క్లాసులు, అబాకస్ శిబిరాలు సిద్ధంగా ఉన్నాయి. సెలవుల్లో తరగతులు నడిపితే చర్యలు తప్పవని ఏటా హెచ్చరికలు రావడం, పేరు మార్చుకున్న ఆ తరగతులే నడవడం మామూలైపోయింది. అక్కడ వేయాల్సిన తాళం పడదు, ఇక్కడ తీయాల్సిన తాళం తీయరు. నష్టమంతా అమ్మ వెంట పొగాకు గ్రేడింగుకు వెళ్లే పిల్లది, పొదలకూరులో నిమ్మకాయల బస్తాల మధ్య పొద్దుపుచ్చే పిల్లవాడిది. వాళ్లకు బడి పుస్తకం తప్ప వేరే పుస్తకం లేదు.

రోహిణి కార్తె ఎండల్లో పిల్లలను చదువు పేరుతో వేధించవద్దని, తాటిముంజలు తిని, ఈతలు కొట్టి, అమ్మమ్మ ఊళ్లో ఆడుకోనివ్వాలని అనేవారున్నారు. వారి మాట కాదనలేము. మేము అడుగుతున్నది వేసవి తరగతులు కాదు, వర్కుషీట్లు కాదు, ఉపాధ్యాయుల సెలవుల్లో కోత అంతకంటే కాదు. పిల్లవాడు నులకమంచం మీద బోర్లా పడుకుని తనకు నచ్చింది చదువుకోవడానికి ఒక పుస్తకం కావాలంటున్నాం. అది కూడా వాడి కోసమని కొని, వాడికి అందకుండా దాచిన పుస్తకమే.

ఇదేమీ చదువు విలువ తెలియని ప్రాంతం కాదు. తరాల తరబడి పిల్లల చేతికి పలక అందించింది మార్కాపురం. నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లాలో ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన వేటపాలెంలో ఊరివాళ్లు 1918లోనే సారస్వత నికేతనం అనే గ్రంథాలయాన్ని పెట్టుకున్నారు. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. నేతపని చేసుకునే ఊరు నూరేళ్ల కిందట పుస్తకాల తలుపు తెరిస్తే, జీతాలు, పద్దులు, కార్యాలయాలు అన్నీ ఉన్న ప్రభుత్వం వాటికి తాళం వేసి కూర్చుంది. ఆ మాటకొస్తే మనం ఇంటి పన్ను కట్టే ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమచేయకపోవడం పాత కథే. శాఖా గ్రంథాలయం ఉన్న ఊళ్లు కొన్నే, అది కూడా లేని పల్లెకు బడి బీరువాయే గ్రంథాలయం.

సెలవుల్లో బడి తలుపు తీయడం మన చట్టాలకు తెలియని సంగతి కాదు. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టే ఆదేశించింది. వంటగది తెరవమని అత్యున్నత న్యాయస్థానం చెప్పగలిగిన చోట, బీరువా తెరవమని ఒక జిల్లా అధికారి చెప్పలేరా? మనిషి లేడనడానికీ వీల్లేదు. గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడు ఉన్నాడు. బడికి యాజమాన్య కమిటీ ఉంది. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారానికి రెండు రోజులు, ఎండ ముదరకముందే ఒక గంట తెరిచి, తలా రెండు పుస్తకాలిచ్చి, నోటు పుస్తకంలో పేరు రాసుకుంటే సరిపోతుంది. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరు అసలే అక్కర్లేదు.

కావలసింది ఒకే ఒక్క కాగితం. సెలవుల్లో పిల్లలకిచ్చిన పుస్తకం చిరిగినా, పోయినా ప్రధానోపాధ్యాయుని నుంచి రాబట్టబోమని, తనిఖీలో తప్పుగా ఎంచబోమని రాసి, సంతకం పెట్టి పంపాలి. ఈ మాత్రం రక్షణ లేకుండా ‘తాళాలు తీయండి’ అని వాట్సాప్‌లో సందేశం పంపి ఊరుకుంటే ఒక్క తాళమూ ఊడదు, నిందంతా మళ్లీ ఉపాధ్యాయుని నెత్తినే పడుతుంది. ఈ తీరును ఇలాగే సాగనిస్తే, పోగొట్టకుండా దాచడమే పుస్తకాల నిర్వహణ అన్న పద్ధతి స్థిరపడిపోతుంది. వచ్చే ఏడాది కొనబోయే పుస్తకాలకూ అదే గతి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యాశాఖాధికారులిద్దరూ ఆ కాగితం మీద ఈ వారంలోనే సంతకం చేయవచ్చు. చేయడం చేతకాదంటే, జూన్ 12న బడులు తెరిచేలోగా ఒక్క పని చేయించండి: గోడల మీది ‘చదవడం మాకిష్టం’ అన్న రాతలకు సున్నం కొట్టించండి.