74 ఇంటిపేరు గల లాజిక్ చిప్పుల వారికి

మహారాజశ్రీ 74 సిరీస్ చిప్పుల వారి దివ్యసముఖానికి, అమలాపురం నుంచి టంకం అంటించుకుని వేళ్లు కాల్చుకున్నవాడు వ్రాయునది.

ఉభయకుశలోపరి అనే రాద్దామనుకున్నాను. కానీ మా రోబోట్ వారం నుంచి అరుగు మీదే పడి ఉంది. నాలుగు పెన్సిల్ సెల్స్, రెండు బొమ్మ మోటార్లు, మీ ఇంటి చిప్పు ఒకటి, ఇంతే దాని ఆస్తి. లైటు వైపు పాకితే చాలు. రోబోట్లు కట్టే శాస్త్రవేత్త మార్క్ టిల్డెన్ మైక్రోప్రాసెసర్ లేకుండా ఇన్వర్టర్లతోనే (కరెంటు పోతే వాడేవి కావు, హైని లో, లోని హై చేసే గేట్లు) పురుగుల్లా నడిచే రోబోట్లు చేశాడని మా బావమరిదికి చెప్పాను. "ఆయ్, ఆయన చేశాడు. తమరెప్పుడు చేస్తారు బావగారూ?" అన్నాడు.

నేను అడిగింది 74హెచ్‌సీ14. 74 ఇంటిపేరు, మధ్య అక్షరాలు శాఖ, చివరి అంకెలు చేసే పని. కాకినాడలో ఒక దుకాణదారు 74ఎల్‌ఎస్14 చేతిలో పెట్టి, "రెండూ అన్నదమ్ములేనండీ, ఎవరైతే ఏంటండీ?" అన్నాడు. కాళ్లు లెక్కపెట్టాను, పద్నాలుగే. లోపల ఇన్వర్టర్లూ ఆరే. ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసేశాను, అలవాట్లు కనుక్కోలేదు.

ఆ అలవాటేంటో తేలడానికి మూడు రాత్రులు పట్టింది. నా సర్క్యూట్లో ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఒక మెగాఓమ్, అంటే పది లక్షల ఓమ్‌ల రెసిస్టర్ ఉంది, ఇన్‌పుట్ దగ్గరే ఒక కెపాసిటరూ ఉంది. గేటు ఎంతసేపటికి తిరగాలో ఆ రెండే తేలుస్తాయి. హెచ్‌సీ గారి ఇన్‌పుట్‌లో కరెంటు దాదాపు ఉండదు. అందుకని ఆ సన్నదారిలోనే వోల్టేజి నెమ్మదిగా దిగి, గేటు తిరగబడుతుంది. ఎల్‌ఎస్ గారు అలా కాదు. ఇన్‌పుట్‌ని కిందికి లాగబోతే లోపల్నుంచి కరెంటు వదులుతారు, 0.4 మిల్లీఆంపియర్ దాకా. గేటు తిరగాల్సిన 0.8 వోల్టు దగ్గర నా మెగాఓమ్‌లోంచి పోయేది ఒక మైక్రోఆంపియర్ కూడా కాదు. కోనసీమ రైతుకైతే ఇంత చెప్పక్కర్లేదు. చేలోకి నీళ్లొస్తూనే ఉండి, మురుగు కాలువ బొప్పాయి కాడంత ఉంటే నాట్లు ఏమవుతాయో తెలుసు. పోనీ రెసిస్టర్ తగ్గిద్దామంటే, ఆ టైమింగ్‌కి కెపాసిటర్ కొబ్బరి బొండాం అంతవుతుంది.

దానికి తోడు మీ ఎల్‌ఎస్ గారికి 4.75 నుంచి 5.25 వోల్టుల దాకానే మడి. నాలుగు సెల్స్ కలిస్తే ఆరు. హెచ్‌సీ గారైతే 2 నుంచి 6 దాకా ఏది వడ్డించినా తింటారు. ఇక అన్నదమ్ముల మధ్య మాటల సంగతి. ఎల్‌ఎస్ గారు 2.7 వోల్టులిచ్చి "ఇదే హై" అంటారు, హెచ్‌సీ గారు 3.5 ఉంటేగానీ వినరు. మధ్యలో 2 వోల్టులకే తలూపే హెచ్‌సీటీ అనే పెళ్లిళ్ల పేరయ్య కావాలి!

మీ పక్కింటి 4000 సిరీస్ చిప్పుల వారు 15 వోల్టుల దాకా తట్టుకుంటారు, తొమ్మిది వోల్టుల బ్యాటరీకి మంచి సంబంధమే. కానీ ఐదు వోల్టుల దగ్గర ఒక్క మిల్లీఆంపియర్ పని చెబితే ఆయాసపడతారు. పైగా వాళ్ల 4011, మీ 7400 రెండూ నాలుగు నాండ్ గేట్లే (రెండు ఇన్‌పుట్లూ హై అయితేనే అవుట్‌పుట్ లో అయ్యేవి) అయినా, కాళ్ల వరుస వేరు. మోటార్లకి మాత్రం నాకు మీ ఏసీ240 గారే నచ్చారు. కాలికి 24 మిల్లీఆంపియర్లు ఇస్తారు. నాలుగు గేట్లు పారలల్‌గా కలిపి కడితే చిన్న మోటారు తిరుగుతుంది.

ఒక్క మనవి. ఒంటి మీద ఆ మధ్య రెండక్షరాలు కాస్త పెద్దగా వేయించుకోండి. చీమ కాలంత అక్షరాలు నా కళ్లజోడుకి ఆనడం లేదు.

హెచ్‌సీ గారు కొరియర్‌లో బయల్దేరారట. ఎల్‌ఎస్ గారిని పారేయలేదు లెండి. ఫోన్ చార్జర్ ఐదు వోల్టులకి కట్టి, చిన్న రెసిస్టర్, పెద్ద కెపాసిటర్ ఇచ్చాను. మా దేవుడి గూట్లో ఎల్‌ఈడీని ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చున్నారు. ఇంటల్లుడికి తక్కువ మర్యాదేం కాదు.