మహారాజశ్రీ పొట్టి మడ్‌గార్డు గారికి

విజయవాడ,
వాన వెలిసిన ఆదివారం సాయంత్రం.

మహారాజశ్రీ ముందు చక్రం మడ్‌గార్డు గారి సముఖమునకు, బండి ఓనరు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. పెన్ను సాగలేదు. తమరు క్షేమమే, చూస్తేనే తెలుస్తోంది. అంత వానలో తిరిగొచ్చినా నెత్తి మీద నిగనిగ తగ్గలేదు. ఇటు ఇంజిను వేడి తగ్గించే రేడియేటరుకి, ఇంజినుకి, సైలెన్సరు గొట్టానికి, నా రెండు బూట్లకి మాత్రం కుశలం లేదు. కాబట్టి 'ఉభయ' కొట్టేసి ఏకకుశలోపరి అని చదువుకోగలరు.

మడ్‌గార్డు అంటే బురద నుంచి కాపాడేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. తమరు కాపాడేది బురదనేనని, దానికి దారిలో ఏ అడ్డూ తగలకుండా చూసుకుంటారని తెలియడానికి ఒక వానాకాలం పట్టింది.

మనం మొదట కలుసుకున్నది షోరూములో. ఏసీ గది, మెరిసే టైల్స్, నేల మీద చుక్క నీళ్లు లేవు. అలాంటి చోట ఎవరైనా మంచి మడ్‌గార్డే. "ఫ్రంట్ ఎంత స్లిమ్‌గా ఉందో చూడండి సార్. టూరింగ్ బండంటే ఇలా ఉండాలి" అన్నాడు సేల్స్ కుర్రాడు. చక్రం వెనక వైపు తమరు జానెడు దిగి ఆగిపోయారనీ, అక్కణ్ణుంచి టైరంతా దిగంబరమేననీ ఆ రోజే చూశాను. చూసి, భలే ఉందనుకున్నాను కూడా. ఈ కథలో నా తప్పు కొంత ఉంది. అది తర్వాత చెబుతాను, ముందు తమరి సంగతి కానీయండి.

తమరి పైన, హెడ్‌లైటు కింద, పొడుచుకొచ్చిన ముక్కు ఒకటుంది. తమరి అన్నగారు కాబోలు. ఎందుకుందని అడిగితే అడ్వెంచర్ లుక్ అన్నారు. ఆ ముక్కుకి పెద్ద వంశమే ఉంది లెండి. ప్యారిస్ నుంచి డకార్ దాకా ఎడారిలో బళ్లు పందేలు పరిగెత్తే రోజుల్లో, 1988లో, సుజుకీ వాళ్లు డీఆర్ 750 అనే ఎత్తయిన బండికి ఇలాంటి ముక్కు పెట్టి వదిలారు. తర్వాత ఒకదాన్ని చూసి ఒకటి, బళ్లన్నీ ముక్కులు పెంచుకున్నాయి. బాగానే ఉంది. కానీ సహారాలో ఆగస్టు నెల వానలు ఉండవు. గతుకులో నిలిచిన ఎర్రనీళ్లు ఉండవు, ఆ గతుకు లోతెంతో తెలియక నమ్మి దిగే నాలాంటివాడూ ఉండడు. మన్యం రోడ్డు మీద ఆ ముక్కు ఏం వాసన చూస్తుందని?

మారేడుమిల్లి గుర్తుండే ఉంటుంది తమరికి. రాజమండ్రి దాటాక చినుకు. రంపచోడవరం వచ్చేసరికి వాన. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ ఎక్కేసరికి కొండ మీది ఎర్రమట్టి రోడ్డుకి అడ్డంగా కాలవలు కట్టి పారుతోంది. చుట్టూ వెదురు పొదలు, చేతికందేంత కిందకి దిగిన మబ్బు. ఇంకొకరైతే ఆగి కవిత రాసుకునేవారు. నా మోకాళ్ల కింద మాత్రం ఎవరో దోసిళ్లతో బురద చల్లుతున్నారు. ఆ ఎవరో తమరే.

కాసేపటికి మీటరులో టెంపరేచర్ గీతలు ఒక్కొక్కటే పెరగడం మొదలయ్యాయి. నిలువునా తడుస్తున్న బండికి వేడేమిటి? ఫ్యాను మోత ఆగట్లేదు. టెన్షన్ పట్టుకుంది. బొంగు చికెన్ అమ్మే పాక దగ్గర ఆపి, వంగి చూస్తే రేడియేటరు కనపడలేదు. దాని చోట గోడ ఉంది. సన్నటి రేకుల మధ్య సందుల్లోకి మట్టి దూరి, లోపలి వేడికి ఎండి, పండక్కి అరుగు అలికినట్టు నున్నగా ఉంది. ఇక గాలి ఎలా పోతుంది? ఆయిల్ ఫిల్టరు మొహం నిండా గులకరాళ్ల గాట్లు.

పాక ఆవిడ చీపురు పుల్ల ఇచ్చింది. ముప్పావు గంట గొంతుక్కూచుని సందు సందూ గీకాను. ఆ రేకులు ఎంత మెత్తనంటే, పుల్ల కాస్త గట్టిగా తగిలితే అట్టే వాలిపోతాయి. నేను వంచినవి కొన్ని, అప్పటికే రాళ్లు వంచినవి కొన్ని. ఆవిడ అంతా చూసి, "పొలంలోంచి వస్తన్నావా బాబూ?" అని అడిగింది. బండి ఖరీదు చెప్పడానికి నోరు రాలేదు. అవునమ్మా అన్నాను.

ఇంటికొచ్చి, కోపం చల్లారాక, లెక్క వేశాను. బండి గంటకి 80 కిలోమీటర్లతో పోతుంటే టైరు నేలని ఆనిన చోట ఆ క్షణానికి కదలికే ఉండదు. దాని నడినెత్తి మాత్రం 160తో ముందుకి ఉరుకుతుంది. నేల మీద అంటుకున్న నీళ్లు, మట్టి టైరు వెనక అంచు వెంట పైకి లేచి, పట్టు తప్పిన చోటు నుంచి సూటిగా ఎగురుతాయి. ఎక్కువగా ఎగిరేది తమరు ఆగిపోయిన చోటుకి కిందనుంచే. వెనకే ఇంజిను అదే స్పీడులో ఎదురెళ్లి, గుండెల మీద కొట్టించుకుంటుంది. తమరు ఇంకో జానెడు దిగి ఉంటే ఆ చీపురు పుల్లతో నాకు పని పడేది కాదు. జానెడంటే జానెడే.

పోనీ, ఆ జానెడు వాళ్ల దగ్గర లేదా అంటే, ఉంది! తమరిని తయారుచేసిన కంపెనీయే యాక్సెసరీల పుస్తకంలో ఫెండర్ ఎక్స్‌టెన్షన్ అని పేరు పెట్టి విడిగా అమ్ముతోంది. చొక్కా ఒక కౌంటర్లో, గుండీలు ఇంకో కౌంటర్లో. దాన్ని అదనపు రక్షణ అంటారట. అసలు రక్షణ ఎక్కడుందో చూపిస్తే అదనపు దాని సంగతి ఆలోచిద్దును కదా!

మా నాన్నగారికి బజాజ్ స్కూటరు ఉండేది. తెనాలి దగ్గర పల్లెలో బడి, ఆయన మాస్టారు, తెల్ల ప్యాంటు తప్ప వేసేవారు కాదు. దారంతా నల్లమట్టి. ఆ స్కూటరు ముందు మడ్‌గార్డు కొసకి అరచేయంత రబ్బరు ముక్క, వెనక ఇంకోటి. రెండూ లారీ ట్యూబులోంచి ఆయన స్వయంగా కత్తిరించి బిగించుకున్నవే. స్కూటరు పోతుంటే ఆ ముక్క ఏనుగు చెవిలా ఊగేది. కాలేజీ రోజుల్లో దాని వల్ల నా పరువు పోతోందని తీసేయమని గొడవ చేశాను. ఆయన ఏమీ అనలేదు, తీయనూ లేదు. వానాకాలం మొత్తంలో ఆ ప్యాంటు మీద మరక చూసిన గుర్తు నాకు లేదు.

ఇప్పుడు నా తప్పు. తమరు పొట్టిగా ఉన్నది చాలక, బండి కొన్న వారానికే వెనక మడ్‌గార్డూ, శారీ గార్డూ నేనే పీకించాను. నంబరు ప్లేటు సీటు కిందకి ముడిపించాను. వెనక నుంచి చూస్తే తోక కత్తిరించిన కోడిలా ఉంది బండి. అదే స్టైలన్నారు, నేనూ అదే అన్నాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా, ఆ చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే ఏర్పాటు ఉండాలంటుంది. చీర కొంగు గురించి అంత ముందుచూపుతో ఆలోచించినవాళ్లు ఉండగా నేను పానా పట్టుకున్నాను. (రేడియేటరు కూడా చీర కట్టుకుని ఉంటే దాని బతుకూ బాగుపడేది.) మొదటి వానకే నడుము నుంచి హెల్మెట్ దాకా వీపు మీద నిలువు నామం దిగింది. తలుపు తీసిన మా ఆవిడ, "తిరుపతి నుంచా?" అంది. ఆ రోజు నుంచి ఆవిడ బండెక్కలేదు.

సరే, తమరిని పొడిగించాలని నిర్ణయించాను. మొదటి ముక్క ఆన్‌లైన్లో తెప్పించాను. నల్లటి ఏబీఎస్ ప్లాస్టిక్, లోపలి వైపు అంటుకునే టేపు. తమరి ఒంటి మీద పాలిష్ ఉందన్న సంగతి మర్చిపోయి, అలాగే ఒత్తి అంటించి, పావుగంటలో హైవే ఎక్కాను. హనుమాన్ జంక్షన్ దగ్గర టప్‌మని చప్పుడు. అద్దంలో చూస్తే నా రెండు వేల చిల్లర రోడ్డు మీద దొర్లుతోంది, దాని మీదికి సిమెంటు లారీ వస్తోంది. తర్వాత తెలిసింది: ముందు స్పిరిటుతో జిడ్డు తుడవాలి, గట్టిగా ఒత్తి పట్టుకోవాలి, ఆ టేపుకి పూర్తి పట్టు రావడానికి 72 గంటలు వదిలేయాలి. కొత్త అల్లుడిలా మూడు నిద్రలు చేస్తేగానీ కుదురుకోదన్నమాట.

రెండోసారి ఆటోనగర్లో పాత మెకానిక్ ఒకాయన దగ్గరకి తీసుకెళ్లాను. ఆయన తమరిని ఒకసారి తడిమి, "ఇదేంటి సార్, సగం చేసి వదిలేశారు?" అన్నాడు. అటక మీదున్న శుభలేఖ తీసి, మడత విప్పి, తమరి అంచుకి ఆనించి పెన్సిలుతో గీశాడు. వధూవరుల పేర్ల మధ్యగా కత్తెర వేశాడు. ఆ అట్టని పాత లారీ చక్రం వెనక వేలాడే ఫ్లాపు రబ్బరు మీద పెట్టి, కత్తిని సబ్బునీళ్లలో ముంచి ముంచి కోశాడు. అలా తడిపితేనే కత్తి రబ్బరులో ఆగకుండా సాగుతుందట. డ్రిల్లు తీసేసరికి నాకు గుండె జారింది. "బాబాయ్, వారంటీ పోతుందేమో" అన్నాను. "దేనికి సార్, బురదకా?" అన్నాడు.

మూడు బోల్టులు. గుండ్రటి తల లోపల, టైరు వైపు. నట్టు బయట. పొరపాటున లోపలికి వస్తే టైరుని గీరేది నట్టూ మరలే కదా. రబ్బరు చిరగకుండా వెడల్పు వాషర్లు, అదురుకి ఊడకుండా నైలాన్ నట్లు. అంతటితో వదల్లేదు. నన్ను బండి మీద కూర్చోబెట్టి, ముందు బ్రేకు పట్టించి, హ్యాండిల్ మీద బలమంతా వేసి ఫోర్కులు, అంటే ముందు షాక్ అబ్జార్బర్లు, కిందకి దిగేదాకా నొక్కమన్నాడు. ఆయన కింద పడుకుని టార్చి వేసి, ఫ్లాపు వెళ్లి సైలెన్సరు గొట్టానికి తగులుతుందేమో చూశాడు. హ్యాండిల్ ఈ కొసకీ ఆ కొసకీ తిప్పించాడు. వేలెడు సందు మిగిలింది, ఇంకో వేలెడు కోశాడు. వెనక చక్రానికీ అదే రబ్బరు. టీతో కలిపి రెండు వందలు తీసుకున్నాడు. శారీ గార్డు కూడా అప్పుడే వెనక్కి వచ్చి చేరింది.

తమరి తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. నల్లరేగడిలోకి దిగితే ఏ గార్డు అయినా శత్రువే. ఆ మట్టి టైరుకీ గార్డుకీ మధ్య ముద్దలు ముద్దలుగా ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు. పొలం గట్ల మీద తిరిగే బళ్లకి మడ్‌గార్డుని అంత ఎత్తున పెట్టేది అందుకే. కానీ నా టూరింగ్ తారు రోడ్డు మీద. తమరూ టైరుకి అంగుళం ఎడంలోనే కూర్చున్నారు. ఎత్తూ లేదు, పొడుగూ లేదు.

ఇంకో చిక్కు ఇంటి గేటు దగ్గర వచ్చింది. ర్యాంపు మీద బండిని వెనక్కి తోస్తుంటే ఫ్లాపు కొస నేలకి ఆని, టైరు కిందకి మడత పడింది. ప్లాస్టిక్ అయితే అక్కడే ఫట్ అనేది. రబ్బరు కాబట్టి నలిగి, లేచి, దులుపుకుని నిలబడింది.

మా ఆదివారం గ్యాంగ్ మొదటి రోజు చూసి, "అంకుల్ బండి చేశావు కదరా" అని నవ్వింది. పోయిన వారం ఏలూరు వెళ్లొచ్చాం, దారంతా జల్లు. వెళ్లేటప్పుడు నా వెనక ఒక్కడు లేడు. తిరిగొచ్చేటప్పుడు వరసగా ముగ్గురు నా వెనకే, పొదిగిన కోడి వెంట పిల్లల్లా. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు, మా నాన్నగారిలా.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి ఓనరు

తా.క.: వెనక ఫ్లాపు లారీది అని చెప్పాను కదా. దాని మీద పసుపు రంగుతో 'మళ్లీ కలుద్దాం' అని ఉండేదట. కోతలో మన వంతుకి 'ద్దాం' మాత్రం వచ్చింది. నిన్న బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. వాన అప్పుడే వెలిసింది. వెనక ఆగిన ఆటో అతను తల బయటపెట్టి, పైకి చదివి, "ఏం చేద్దాం సార్?" అని అరిచాడు. ఏం చెప్పాలో తోచలేదు. పచ్చ లైటు పడగానే ఎదురుగా ఉన్న నీళ్ల మడుగులోంచి పోనిచ్చాను. అద్దంలో చూశాను. అతని ముందు అద్దం మీద చుక్క పడలేదు.