డీఎస్ఎస్ నీళ్లు తాగే ఎలుక గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రయోగశాల నల్ల ఎలుక గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మనిద్దరికీ ఉన్నది పేగు వాపు. అందుకని ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. నాది అల్సరేటివ్ కొలైటిస్. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు, ఎప్పుడు తిరగబెడుతుందో అసలే చెప్పలేరు. మీది అలా కాదు. మీ నీళ్ల సీసాలో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం (డీఎస్ఎస్) అనే పొడి రెండు నుంచి ఐదు శాతం దాకా కలుపుతారు, వారం తిరిగేసరికి రక్త విరేచనాలు మొదలవుతాయి. రోగం కూడా టైమ్‌టేబుల్ ప్రకారం రావడం ఎంత అదృష్టమో, రాని మాలాంటి వాళ్లకే తెలుసు.

ముందుగా నా అభినందనలు అందుకోండి. మీ కొలైటిస్‌ని తగ్గించలేని పదార్థం ఈ భూమ్మీద ఉందా అని నాకు అనుమానం. ఆకు రసం, బెరడు కషాయం, సముద్రపు నాచు, పుట్టగొడుగు పొడి, బంగారు నానో కణాలు, బతికున్న బ్యాక్టీరియా, వేడి చేసి చంపిన బ్యాక్టీరియా, ఏది నోట్లో పోసినా మీరు లేచి కూర్చుంటున్నారు. మర్నాడు 'పేగు వ్యాధికి కొత్త చికిత్స' అని వార్త. ఆ వార్తను మా బంధువులు నాకు ఫార్వర్డ్ చేస్తారు. 'నీ రోగానికి మందు దొరికిందట, చూశావా?' చూశాను. మూడో పేరాలో మీరు కనిపించారు.

మీ గురించి కాస్త వాకబు చేశాను, ఏమీ అనుకోకండి. మీ సీ57 బ్లాక్6 వంశం 1921లో మొదలైంది. అప్పటి నుంచి అన్నాచెల్లెళ్ల మధ్యే జత కట్టిస్తూ వచ్చారు కాబట్టి మీరంతా జన్యువుల్లో అచ్చు ఒకరికొకరు నకళ్లు. మా సంగతి చూస్తే ఈ పేగు వ్యాధులతో సంబంధమున్న జన్యు స్థానాలే 200కు పైగా తేలాయి. ఇద్దరు రోగులు ఒకే వార్డులో పక్కపక్కన పడుకున్నా ఒకరి జబ్బు ఒకరిది కాదు. మీరేమో ఒకే పంజరంలో ఉంటూ ఒకరి మలం ఒకరు తింటారు కనుక పేగులోని సూక్ష్మజీవులు కూడా మీకు ఉమ్మడి ఆస్తి. అందుకే పంజరానికీ పంజరానికీ ఫలితం మారుతుంది. మందు పనిచేసిందా, పంజరం పనిచేసిందా అన్నది తేల్చాలంటే పంజరాలు కలగలపాలి, చీట్లు వేసి గుంపులు విడదీయాలి, లెక్క చూసేవాళ్లకు ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకుండా దాచాలి. ఇవన్నీ పేపర్లో రాయండి బాబూ అని 2010లోనే అరైవ్ అనే మార్గదర్శకాలు వచ్చాయి. రాసేవాళ్లు రాస్తున్నారు.

అసలు రహస్యం ఇది కాదు. డీఎస్ఎస్ నీళ్లు ఆపేసి మామూలు నీళ్లు పోస్తే మీ పేగు ఏ మందూ లేకుండా తనంతట తానే మానడం మొదలెడుతుంది! పేగు లోపలి పొరను రసాయనంతో గీకేశారు, గీకడం ఆపారు, పొర తిరిగి పెరిగింది. రోగనిరోధక వ్యవస్థకు సైనికుల్లాంటి టీ కణాలు, బీ కణాలు లేని ఎలుకలకు కూడా ఈ నీళ్లు పోస్తే ఇదే కొలైటిస్ వస్తుందని 1990లలోనే తేలింది. నా జబ్బులో గొడవంతా రోగనిరోధక వ్యవస్థ తన ఇంటి మీదే తాను పడటం. మీ జబ్బులో ఆ వ్యవస్థలో సగం మంది సెలవులో ఉన్నా పని ఆగదు. ఇక చాలా ప్రయోగాల్లో మందు ఎప్పుడు మొదలెడతారో తెలుసా? డీఎస్ఎస్ కంటే ముందు, లేదా దాంతోపాటే. జబ్బు చేయబోతోందని వారం ముందే కబురందే రోగి మీరు తప్ప ఇంకొకరు లేరు. నాకు అలాంటి కబురు వస్తే నేనూ నాచు తాగేవాణ్ణి.

ఆ తర్వాత మిమ్మల్ని కోసి పెద్దపేగు పొడవు కొలుస్తారు. వాస్తే కురచబడుతుంది, తగ్గితే పొడుగవుతుంది. అందుకే ప్రతి పేపర్లోనూ ఒక ఫొటో ఉంటుంది: స్కేలు పక్కన వరసగా పేర్చిన పేగులు, ఎడమ పక్క పొట్టివి, కుడి పక్క పొడుగువి. నన్ను ఇంతవరకూ ఏ డాక్టరూ నీ పేగు ఎన్ని సెంటీమీటర్లు అని అడగలేదు. రోజుకెన్నిసార్లు వెళ్తున్నావు, రాత్రి నిద్రలో లేవాల్సొస్తోందా, రక్తం పడుతోందా, స్టెరాయిడ్ మానేస్తే ఎన్నాళ్లు నిలబడతావు, ఇవీ వాళ్ల ప్రశ్నలు. బస్సెక్కే ముందు దారిలో బాత్‌రూమ్ ఎక్కడుందో వెతుక్కునే టెన్షన్‌కి మీ దగ్గర స్కోరు లేదు. బరువు, విరేచనం, రక్తం, ఈ మూడింటికీ మార్కులు వేసి మీ కేసు ముగిస్తారు.

కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. ఇక్కడ ఎలుకను పట్టుకుని కొండ తవ్వేశామని ప్రెస్ నోట్ ఇస్తున్నారు.

మీ ఒక్కరినీ తప్పు పట్టడం న్యాయం కాదు. పరిశ్రమల పర్యావరణ పరిశోధనలో మీకొక కవల సోదరుడున్నాడు. గాజు బీకరులో, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగి, నీలంగా నవ్వుతూ ఉంటాడు. పేరు మిథిలీన్ బ్లూ. ఏ వ్యవసాయ వ్యర్థాన్ని తెచ్చి కాల్చి బొగ్గు చేసి అందులో వేసినా ఆ రంగు దానికి అతుక్కుపోతుంది. నీళ్లు తేటపడతాయి. 'అద్దకం పరిశ్రమల వ్యర్థజలాలకు పచ్చని పరిష్కారం' అని శీర్షిక పడుతుంది. అతుక్కోక ఏం చేస్తుంది? మిథిలీన్ బ్లూకి ధనావేశం, ఆ బొగ్గు మీద ఎక్కువగా రుణావేశం. నూలు బట్టల అద్దకంలో ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులది రుణావేశం. పైగా నిజం మురుగులో ఒక్క రంగే ఉండదు. ఉప్పు ఉంటుంది, సోడా ఉంటుంది, సబ్బులాంటి రసాయనాలుంటాయి, నాలుగైదు రంగులు కలిసి పేరు పెట్టలేని రంగు ఉంటుంది. ఆ మురుగును బీకరులోకి పిలవరు. పిలిస్తే గ్రాఫు చెడుతుంది.

ఆ బొగ్గు తయారీ కూడా చెప్పుకోవాలి. కొన్ని వందల డిగ్రీల దాకా కాల్చాలి, పొటాషియం హైడ్రాక్సైడో ఫాస్ఫారిక్ ఆమ్లమో పట్టించాలి, ఆ తర్వాత అది వదిలేదాకా కడుగుతూనే ఉండాలి. కడిగిన నీళ్లు ఎక్కడికి పోయాయి, రంగు పట్టిన బొగ్గు చివరికి ఏ గుట్ట మీద చేరింది అని అడిగితే, అది ఈ అధ్యయనం పరిధిలోకి రాదు. మీరు చనిపోయాక ఏమయ్యారన్నది కూడా పరిధిలోకి రాదు లెండి.

మీ ఇద్దరినీ ఎంచుకున్నది ఒకే గుణం చూసి. చెప్పిన మాట వింటారు. ముందే జవాబు తెలిసిన ప్రశ్న అడిగితే తెలిసిన జవాబే చెబుతారు. నేనూ మురుగుకాలవా చెప్పిన మాట వినం.

మీ ఇద్దరికీ తెలియని చుట్టరికం కూడా ఒకటుంది. ఈ మిథిలీన్ బ్లూనే మా పేగుల్లో చల్లి కొలనోస్కోపీ చేస్తారు. ఏళ్ల తరబడి కొలైటిస్ ఉన్నవాళ్లకు క్యాన్సర్ మొదలయ్యే మచ్చలు నీలం మీద తేలిగ్గా కనబడతాయని. బీకరులో శత్రువు, నా కడుపులో మిత్రుడు. టైటానియం డయాక్సైడ్‌ది సరిగ్గా తిరగేసిన కథ. వెలుతురు పడితే నీళ్లలోని రంగుల్ని విరగ్గొట్టే వీరుడిగా దానికి పర్యావరణ పత్రికల్లో దండలే దండలు. అదే పదార్థాన్ని మిఠాయిల తెలుపు కోసం తిండిలోనూ వాడేవారు. 2017లో దాన్ని డీఎస్ఎస్‌తో కలిపి మీకిస్తే మీ కొలైటిస్ ముదిరిందని పేగు వ్యాధుల పత్రికలో వచ్చింది. 2022లో యూరోపియన్ యూనియన్ దాన్ని తిండిలోంచి తీసేసింది. కారణం మీ కొలైటిస్ కాదు, డీఎన్ఏకు హాని జరగదని గట్టిగా చెప్పలేకపోవడం. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ సంగతీ అంతే. బ్యాటరీల్లో విషపు ద్రావకం అవసరం లేకుండా నీళ్లతోనే పని జరిపించే బుద్ధిమంతుడైన జిగురు అది. ఐస్‌క్రీముల్లోనూ కలుస్తుంది. 2015లో అది మీ పేగు జిగట పొరను పలచన చేసిందన్నారు. ఇక్కడ ఒక మంచి పని జరిగింది: మీతో ఆగలేదు. 2022లో 16 మంది ఆరోగ్యవంతుల్లో కొందరికి దాన్ని తిండిలో కలిపి, మిగతావాళ్లకు కలపకుండా పోల్చి చూశారు. పేగు బ్యాక్టీరియాలో మార్పు నిజంగానే కనిపించింది. చిన్న ప్రయోగమే, అయినా ఆ 16 మంది మీద నాకు మీకంటే ఎక్కువ గౌరవం కలిగింది. క్షమించాలి.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు, నేను చెబుతాను. 1993లో ఇంటర్‌ల్యూకిన్-10 అనే, వాపును అదుపులో పెట్టే ప్రొటీన్ జన్యువు తీసేసిన ఎలుకలకు పేగు వాపు వచ్చింది. అయితే అదే ప్రొటీన్‌ని మనుషులకు ఎక్కిద్దాం అన్నారు. 2000 నాటికి క్రోన్స్ అనే మరో పేగు వాపు వ్యాధి రోగుల మీద ప్రయోగాలు ముగిశాయి, చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. మాంగర్సెన్ అనే మాత్ర కథ ఇంకా రసవత్తరం. ఆ మాత్ర గురిపెట్టిన ప్రొటీన్‌నే అణచి ఎలుకల్లో వాపు తగ్గించారు. 2015లో క్రోన్స్ రోగుల్లోనూ ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలో 65 శాతానికి ఉపశమనం అన్నారు, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 10 శాతమే. కానీ వాపు నిజంగా మానిందా అని పేగులో కెమెరా పెట్టి తేల్చుకోలేదు. 2017లో పెద్ద ప్రయోగం మధ్యలోనే ఆగిపోయింది, ప్రయోజనం లేదని. ఆ రెండేళ్లూ ఆ మాత్ర కోసం కాచుకు కూర్చున్నవాళ్ల గురించి ఏ పేపరూ రాదు.

ఒక్కసారి మాత్రం మీరు నిజమే చెప్పారు. 2004లో ఇంటర్‌ల్యూకిన్-17 అనే మరో ప్రొటీన్‌ని అడ్డుకుంటే మీ డీఎస్ఎస్ కొలైటిస్ ఎక్కువైంది. ఇతర రకాల ఎలుక ప్రయోగాల్లో వేరే ఫలితాలు కూడా వచ్చాయనుకోండి. ఆ పదార్థాన్నే అడ్డుకునే మందు సెకుకినుమాబ్‌ని క్రోన్స్ రోగులకు ఇచ్చి చూశారు. మేలు జరగలేదు సరికదా దుష్ఫలితాలు పెరిగాయని 2012లో ప్రకటించారు. నయమైందని మీరంటే ప్రపంచమంతా వింటుంది. ముదిరిందంటే ఎవరికీ వినపడదు.

మీ బస గురించి కూడా ఒక మాట. మీ గదిలో గాలిని గంటకు పది పదిహేనుసార్లు మొత్తంగా మార్చాలి, రాత్రీ పగలూ. మీకు హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర, మిమ్మల్ని ఉంచేది 20 నుంచి 24లో. అంటే కరెంటు ధారపోసి మీకు చలి పెడుతున్నారు. 2014లో ప్రపంచంలోని జీవశాస్త్ర, వైద్య, వ్యవసాయ పరిశోధనశాలలు 55 లక్షల టన్నుల ప్లాస్టిక్ పారేసి ఉంటాయని ఒక అంచనా. ఎలుక పేగును కాపాడే పచ్చని నాచు కషాయం కూడా ఆ ప్లాస్టిక్ గొట్టాల్లోంచే వచ్చి ఉంటుంది. పై అంతస్తులో సుస్థిరత మీద సెమినార్ జరుగుతుంటుంది.

మీ రుణం నేను మరిచిపోయానని మాత్రం అనుకోకండి. 1998లో క్రోన్స్‌కి అనుమతి దొరికిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే యాంటీబాడీలో దాదాపు నాలుగో వంతు ఎలుకది, మిగతాది మనిషిది. నాకు ఆ మందు ఎక్కించినప్పుడల్లా మీ వాళ్ల వాటా నా నరంలోకి దిగింది. చాలామందికి అది ఆపరేషన్ తప్పించింది. గమనించారా, మీరు రోగిగా కన్నా ఫ్యాక్టరీగానే మాకు ఎక్కువ పనికొచ్చారు. యాంటీబాడీ తయారుచెయ్యమంటే దివ్యంగా చేశారు. నా జబ్బు నటించమంటేనే నటన తేలిపోయింది. అది మీ తప్పు కాదు, ఆ వేషం మీకు కట్టినవాళ్లది.

ఇక రిటైర్మెంట్ అంటారా? 2022 డిసెంబరులో అమెరికా చట్టం మార్చింది, కొత్త మందుకు జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అన్న పాత షరతు పోయింది. 2009 నుంచి పేగు మూలకణాలతో ఆర్గనాయిడ్లు అనే బుల్లి పేగులు పెంచుతున్నారు, ఇప్పుడు నా బయాప్సీ ముక్కతో నా పేగునే గిన్నెలో పెంచొచ్చు. వినగానే మీరు పంజరంలో గంతులేసి ఉంటారు. కాస్త ఆగండి. ఆ బుల్లి పేగులు పెరగడానికి చాలా ల్యాబుల్లో వాడే మెత్తటి జెల్లీ పేరు మాట్రిజెల్. దాన్ని తీసేది ఎలుకల్లో పెంచిన కణితి నుంచి. కాబట్టి దరఖాస్తు ఇప్పుడే పెట్టకండి, తిరస్కరిస్తారు.

ఇట్లు,
మీరు ఎవరికి నమూనాయో ఆ పెద్దపేగు యజమాని