జపాన్‌ను దాటేశాం, ఇక రోడ్డు దాటడమే మిగిలింది

మనం జపాన్‌ను దాటేశాం. ఈ సంగతి మీకు ఇంకా తెలియలేదంటే మీ ఫోన్‌లో ఫ్యామిలీ గ్రూపు లేదన్నమాట. అదృష్టవంతులు. మా గ్రూపులో ఒక బాబాయ్ ఉన్నారు. రిటైరయ్యారు, బీపీ ఉంది, తెల్లారకముందే లేస్తారు. మన జెండా, పక్కన సింహం, సింహం కాళ్ళ కింద ఎర్ర చుక్క ఉన్న తెల్ల జెండా. ఈ బొమ్మను ఆయన నెలల తరబడి పంపుతూనే ఉన్నారు. కరెంటు పోయిందని ఎవరైనా అంటే సింహం. రెండు రోజులుగా మంచినీళ్ళు రావడం లేదంటే సింహం. పిన్ని మోకాలి ఆపరేషన్‌కి ఆస్పత్రివాళ్ళు వేసిన ఎస్టిమేట్ పెట్టి "ఇంతవుతుందా?" అని అడిగితే దాని కిందా సింహమే.

దేశద్రోహి అనిపించుకోకుండా ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. 2025 మే నెలలో నీతి ఆయోగ్ సీఈఓ బీవీఆర్ సుబ్రహ్మణ్యం గారు ఐఎంఎఫ్ లెక్కలు చూపించి, మనది ప్రపంచంలో నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయిపోయిందని ప్రకటించారు. కొద్ది రోజులకే అదే నీతి ఆయోగ్ సభ్యులు అరవింద్ విర్మానీ గారు, ఇంకా దాటుతున్నాం, ఏడాది ఆఖరుకి దాటేస్తాం అన్నారు. డిసెంబరు ఆఖర్లో కేంద్ర ప్రభుత్వం, దాటేశామని మళ్ళీ ప్రకటించింది. ఒకే దేశాన్ని ఒకే ఏడాదిలో రెండుసార్లు దాటిన ఘనత ఇంకెవరికైనా ఉందా? బాబాయ్ రెండుసార్లూ సింహాన్ని వదిలారు.

మనం ఎదగలేదని నేననడం లేదు. ఎదిగాం. కాకపోతే 2012లో జపాన్ జీడీపీ 6 లక్షల కోట్ల డాలర్ల పైమాటే. అప్పట్లో డాలరుకు 80 యెన్లు. 2025లో 150 చుట్టూ తిరిగింది. అంటే మనం పైకి వెళ్ళింది కొంత, వాళ్ళ యెన్ కిందికి జారింది కొంత, కలిసి 4 లక్షల కోట్ల చిల్లర దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. వాళ్ళు 12 కోట్ల మంది, మనం 140 కోట్ల పైన. ఎదురింటాయన ఒక్కడూ తెచ్చే జీతానికి సమానంగా మన ఇంట్లో పన్నెండు మందీ కలిసి సంపాదించి, సాయంత్రం వీధిలో బాణాసంచా కాల్చామన్నమాట. మనిషికింత అని పంచితే వాళ్ళకి 34 వేల డాలర్ల దాకా వస్తుంది. మనకి 3 వేలు కూడా నిండదు. ఈ లెక్క గ్రూపులో పెట్టాను. బాబాయ్ రెండు నిమిషాలు టైప్ చేస్తున్నట్టు కనిపించారు. తర్వాత సింహం వచ్చింది.

అసలు మన తరానికి జపాన్ కొత్తదేం కాదు. బడిలో ప్రతి మాస్టారూ మనల్ని జపాన్‌తోనే కొట్టారు. అక్కడి కార్మికులు సమ్మె చేయాల్సి వస్తే పని మానరట, చెప్పుల ఫ్యాక్టరీలో ఎడమ కాలి బూట్లు మాత్రమే చేస్తూ కూర్చుంటారట, సమ్మె అయ్యాక కుడి కాలివి చేసి జత కలుపుతారట. ఏ ఫ్యాక్టరీ సార్, ఏ ఊరు సార్ అని అడిగిన పిల్లవాడికి తొడపాశం. తర్వాత ఆ కథ వ్యక్తిత్వ వికాసం వాళ్ళ చేతికి వెళ్ళింది, మైకు దొరికింది, టికెట్ పెట్టారు. జపాన్‌ను చూసి నేర్చుకోండి అన్న నోళ్ళే ఇప్పుడు జపాన్ పని అయిపోయింది అంటున్నాయి. మధ్యలో నేర్చుకున్న రోజు ఏదో మరి. ఆ రోజు నేను బడి ఎగ్గొట్టి ఉంటాను.

సరే, దాటాం. ఓడినవాళ్ళు వచ్చి గెలిచినవాళ్ళని చూసి వెళ్ళడం మర్యాద. కాబట్టి "మీరు మమ్మల్ని ఎలా దాటారు" అని అధ్యయనం చేయడానికి జపాన్ నుంచి ఆరుగురు పెద్దమనుషులు హైదరాబాద్ వచ్చారనుకుందాం. అమీర్‌పేటలో ఫ్లెక్సీ కట్టాం. కింద మూలన ఫ్యూజీ పర్వతం, దాన్ని కప్పేస్తూ మన డివిజన్ లీడరన్న, ఆయన చుట్టూ గుండ్రాల్లో తమ్ముళ్ళు. అన్న బర్త్‌డే కూడా కలిసొచ్చింది కాబట్టి ఖర్చు ఒక్కటే. సన్మానం రోడ్డుకు అవతలి వైపు హోటల్లో. బృందం ఇవతలి వైపు దిగింది.

అక్కడితో కార్యక్రమం ఆగిపోయింది.

ఆరుగురూ జీబ్రా గీతల దగ్గర, అంటే ఒకప్పుడు గీతలున్న చోట, బండ్లు ఆగుతాయని వరసగా నిలబడ్డారు. పావుగంట గడిచింది. బండ్లు ఆగలేదు సరికదా, ఇంతమంది నిలబడ్డారంటే ఇది బస్ స్టాపే అయ్యుంటుందని ఇంకో పదిమంది వచ్చి వెనకాల చేరారు. షేర్ ఆటోవాడు "మెహిదీపట్నం, మెహిదీపట్నం" అంటూ వచ్చి ఇద్దరిని దాదాపు ఎక్కించేసుకున్నాడు. ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలిగింది. బృందం కాలు ముందుకు వేసింది. ఫ్రీ లెఫ్ట్ వాళ్ళు వచ్చారు. రాంగ్ రూట్ వాళ్ళు వచ్చారు. బొమ్మ ఆరిపోయింది. చివరికి పూలబుట్ట చంకన పెట్టుకున్న ఒక ముసలమ్మ వచ్చి, అటూ ఇటూ చూడకుండా అరచేయి ఆర్టీసీ బస్సుకి చూపించి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. బస్సు ఆగింది. బృందం పెద్దాయన నోట్‌బుక్ తీసి రాసుకున్నారు: "సిగ్నల్ వ్యవస్థ: చెయ్యి."

పోనీ ఫుట్‌పాత్ మీద నడిచి ముందుకెళ్ళి దాటుదామన్నారు. ఫుట్‌పాత్ లేదని ఎవరన్నారు? ఉంది. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, మిర్చి బజ్జీల బండి ఉంది, బండి తాలూకు స్టూళ్ళున్నాయి, కేబుల్ చుట్ట ఉంది, స్టాండ్ వేసిన స్కూటీలున్నాయి, ఎవరో తవ్వి వదిలేసిన కంకర ఉంది. ఇవన్నీ పోగా మిగిలిన అడుగున్నర మీద ఎదురుగా ఒక బైకు వచ్చి హారన్ కొట్టింది. పెద్దాయన అలవాటు కొద్దీ నడుం వంచి క్షమాపణ చెప్పారు. మోచేతికి హెల్మెట్ తగిలించుకున్న ఆ పిల్లాడు, "ఏం పెద్దాయనా, కనిపిస్తలేదా? బండ్లు తిరిగే జాగ" అని, ఆయన వంగిన తీరు చూసి జాలిపడి, "పోనీలే" అని క్షమించి వెళ్ళాడు కూడా. సంస్కారంలో ఎవరు ఎవరిని దాటారో చూసుకోండి.

సన్మానం రద్దయింది. రైలు చూపిద్దామని సికింద్రాబాద్ స్టేషన్‌కి తీసుకెళ్ళాం. 2017 నవంబరులో టోక్యో నుంచి నడిచే త్సుకుబా ఎక్స్‌ప్రెస్ ఒక స్టేషన్ నుంచి 20 సెకన్లు ముందు బయల్దేరింది. ఆలస్యంగా కాదండీ, ముందు. ప్రయాణికులెవరూ ఫిర్యాదు చేయకపోయినా కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. మనమేం తక్కువ తిన్నాం? మన స్టేషన్‌లో మైకులో ఆవిడ రోజంతా చింతిస్తూనే ఉంటుంది. పది నిమిషాల ఆలస్యానికీ అదే గొంతు, ఆరు గంటలకీ అదే గొంతు, మూడు భాషల్లో చింత. బృందంలో చిన్నవాడు విని విని తట్టుకోలేక, "పాపం, ఆవిడ దగ్గర ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఆ కుర్రాడికి చెప్పని సంగతి ఇంకొకటుంది. ముంబై నుంచి అహ్మదాబాద్‌కి 508 కిలోమీటర్ల బుల్లెట్ రైలుకు 2017 సెప్టెంబరులో శంకుస్థాపన చేశాం కదా, దాని ఖర్చులో పెద్ద వాటా, దాదాపు 88 వేల కోట్ల రూపాయలు, జపాన్ ఇచ్చే అప్పు. వడ్డీ 0.1 శాతం, గడువు 50 ఏళ్ళు. వాళ్ళ మొదటి బుల్లెట్ రైలు 1964లోనే పట్టాలెక్కింది. అంతదాకా ఎందుకు, మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో పెద్ద ముక్కకి జపాన్ అప్పే. హుస్సేన్ సాగర్ శుద్ధికీ వాళ్ళ డబ్బే. సాగర్ వాసన మాత్రం పూర్తిగా స్వదేశీ. జపాన్‌ను దాటేశామని బాబాయ్ కారు కిటికీలోంచి జెండా ఊపుతూ వీడియో తీసింది ఆ రింగ్ రోడ్డు మీదే.

ఇంత చెప్పాక మన పెద్దలు తీసే ఆఖరి అస్త్రం: "వాళ్ళకి ఎన్నుంటే ఏంటి, పిల్లలే పుట్టడం లేదు, ముసలాళ్ళ దేశం." నిజమే. 2024లో జపాన్‌లో పుట్టిన పిల్లలు 7 లక్షలు కూడా లేరు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మందే పిల్లలని కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పి ఏళ్ళవుతోంది. ఇంకొంచెం కనండమ్మా అని ముఖ్యమంత్రి చంద్రబాబు గారే బతిమాలుతున్నారు. జపాన్ దగ్గరున్న వాటిలో మనకి ముందుగా అందింది ఇదొక్కటే. వాళ్ళకి 1961 నుంచి దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఉంది, అది ఇంకా దారిలో ఉంది. పిన్ని మోకాలు దాని కోసమే చూస్తోంది.

ఇంతవరకూ నవ్వుకున్నాం, బాగానే ఉంది. మ్యాన్‌హోల్ సంగతి కూడా చెప్పి వదిలేస్తాను.

జపాన్‌లో మ్యాన్‌హోల్ మూతల మీద రంగుల బొమ్మలు వేస్తారు, ఊరికో బొమ్మ. ఓసాకాలో కోట, కొన్ని ఊళ్ళలో పోకెమాన్. వాటి ఫొటోల కోసం ఊళ్ళు తిరిగే జనం ఉన్నారు. మన దగ్గర వానాకాలంలో మూత పోయిన చోట ఎవరో పుణ్యాత్ములు చెట్టు కొమ్మ గుచ్చి దానికి ఎర్ర గుడ్డ కడతారు. మన కళ అది.

2025 జనవరి 28న టోక్యోకి పక్కనే ఉన్న సైతామా ప్రాంతంలో, యాషియో అనే ఊళ్ళో రోడ్డు కుంగి ఒక లారీ గుంతలో పడింది. 1983లో వేసిన మురుగు పైపు లోలోపల దెబ్బతింది. డ్రైవరుకు 74 ఏళ్ళు. ఆయన్ని వెతకడానికి మురుగు తగ్గాలని చుట్టుపక్కల 12 లక్షల మందిని స్నానాలు, బట్టలు ఉతకడం తగ్గించుకోమన్నారు. ఒక లారీ డ్రైవరు కోసం. ఆయన బతకలేదు, మే నెలలో గానీ శవం దొరకలేదు. కానీ దేశంలోని పాత పెద్ద పైపులన్నీ తనిఖీ చేయమని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. అలాంటి తనిఖీ పనిలోనే ఆగస్టులో గ్యోదా అనే ఊళ్ళో నలుగురు పనివాళ్ళు మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయారు. అక్కడా మనుషులు చస్తారు. చస్తే అది దేశమంతటికీ వార్త.

ఇక్కడ? 2019 నుంచి 2023 వరకు మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు తీస్తూ 377 మంది చనిపోయారని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. అది ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క. 2022, 2023లో జరిగిన 54 చావుల్ని తవ్వి చూస్తే పదిమందిలో తొమ్మిది మందికి ఒంటి మీద ఎలాంటి రక్షణ సామగ్రీ లేదు. మనుషులతో ఈ పని చేయించకూడదని 2013లోనే చట్టం చేశాం. మరి వీళ్ళంతా ఎలా చచ్చారంటే, ఇది ఆ చట్టం చెప్పే పాకీ పని కిందికి రాదు, "ప్రమాదకర శుభ్రత" కిందికి వస్తుందని జవాబు. గొంతులోకి విషవాయువు వెళ్తున్నప్పుడు వాడు ఏ సెక్షన్ కింద చస్తున్నాడో తెలుసుకోవాలి కాబోలు! కోలార్ గనుల ఊళ్ళో తెలుగు ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ దీని మీద దశాబ్దాలుగా కొట్లాడుతున్నారు, 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది, ఆ రోజు మన వాడని అందరం మురిసిపోయాం. 2022లో ఆయన ఉద్యమం పెట్టుకున్న నినాదం ఒక్కటే: మమ్మల్ని చంపడం ఆపండి. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. యంత్రాలు కొనే డబ్బు లేదా ఈ దేశానికి? నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థకి? ఒక సక్షన్ పైపుకి, ఒక ఆక్సిజన్ మాస్కుకి డబ్బు లేదా? ఉంది. దిగేవాడు ఎప్పుడూ అవే కులాలవాడు కాబట్టి కొనలేదు. అంతకు మించి ఇందులో అర్థశాస్త్రం ఏమీ లేదు.

ఇది చదివి నాకు సింహాన్ని పంపబోయే పెద్దమనిషికి ఒక చిన్న పని. మీ అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులోకి పోయినసారి ఎవరు దిగారో వాచ్‌మన్‌ని అడగండి. ఆ మనిషి పేరేమిటో, కాంట్రాక్టర్ చేతికి ఎంతిచ్చాడో, లోపలికి వెళ్ళే ముందు మీ అసోసియేషన్ వాళ్ళు ఏం ఇచ్చారో కనుక్కోండి. మందు తాగితే వాసన తెలియదని క్వార్టర్ సీసా కొనిచ్చి ఉంటారు. దాని బిల్లు మెయింటెనెన్స్‌లో ఏ పద్దు కింద రాశారో కూడా చూసి, అప్పుడు పంపండి.