నోమీన్స్‌నో అభిమానులు పెరగకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ కలిపినా నోమీన్స్‌నో అనే కెనడా రాక్ బ్యాండు అభిమానులు ఒక్క ఆటోలో పడతారు. డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చునే అవసరం కూడా రాదు. సంస్కృతి మీద ప్రేమున్న ప్రతి ఒక్కరూ ఈ స్థితిని కాపాడాలి. ఎందుకంటే "ఇంత గొప్ప బ్యాండును లోకం గుర్తించలేదే" అని కుమిలిపోవడమే వీళ్ళ ప్రధాన వృత్తి. లోకం గుర్తిస్తే ఉపాధి పోతుంది. 2015లో వెస్టర్న్ కెనడియన్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు ఈ బ్యాండును చేర్చుకుని అంత పనీ చేశారు. మరుసటేడే బ్యాండు విరమించుకోబట్టి గండం తప్పింది.

తెలియనివాళ్ళకు (తెలియకపోవడమే మంచిది) రెండు ముక్కలు. కెనడాలోని విక్టోరియాలో రాబ్ రైట్, జాన్ రైట్ అనే అన్నదమ్ములు 1979లో మొదలుపెట్టారు. అన్నది బేస్ గిటార్, తమ్ముడిది డ్రమ్స్. మొదట్లో గిటారిస్టే లేడు. తమ్ముడు బడిలో జాజ్ వాయించినవాడు. అందుకే హార్డ్‌కోర్ పంక్ (రాక్‌లో మహా వేగంగా, గట్టిగా వాయించే రకం) వేగంతో ఉరుకుతున్న పాట ఉన్నట్టుండి ఆగుతుంది, తాళం లెక్క మారుస్తుంది, మళ్ళీ ఉరుకుతుంది. ఆండీ కర్ గిటార్ తోడయ్యాక, 1989లో వచ్చిన 'రాంగ్' ఆల్బమ్ దగ్గర చాలామంది ఈ బ్యాండుకు దొరికిపోతారు. కాబట్టి కొత్తవాడికి అది వినిపించరాదు.

వినిపించక తప్పకపోతే ఫోన్ స్పీకర్లో వినిపించండి. ఇది శాస్త్రీయమైన పద్ధతి. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్లోని బుల్లి స్పీకరు అంత కింది స్వరాన్ని పలకలేదు. వేరే బ్యాండ్లలో అయితే గిటారే ముందుంటుంది, నడిచిపోతుంది. ఇక్కడ పాటను మోసేదే బేసు. అది పోయాక మిగిలేది రేకుల మీద వాన, అందులో ఒకాయన అరుపులు. "ఏం లొల్లిరా ఇది" అని కొత్తవాడు లేచిపోతాడు. మంచి ఇయర్‌ఫోన్లు మాత్రం పొరపాటున కూడా చేతికివ్వొద్దు.

అసలు ముప్పు ఈ ఊరి చెవుల నుంచే. డప్పు దరువులు, ఒగ్గు డోళ్ళు వింటూ పెరిగిన మనిషి లెక్క మారినంత మాత్రాన బెదరడు. మృదంగం నేర్చినవాళ్ళు మరీ ప్రమాదం. ఏడు మాత్రలొస్తే మిశ్రచాపు అనుకుని తొడ మీద తాళం వేసేసుకుంటారు. అలాంటివాళ్ళ దగ్గర "ఇది నీకు అర్థం కాదులే" అనే మాట పనిచేయదు. నాలుగు లెక్కలో తలూపుతూ, బ్యాండు టక్కున ఆగిన చోట ఆగలేక మెడ పట్టేసేవాళ్ళనే పిలవాలి.

ఇక అద్దె గదిలో వీళ్ళ పాటలు వాయించాలనుకునేవాళ్ళకు. బేస్ సిగ్నల్ మొత్తాన్ని డిస్టార్షన్ పెడల్ (స్వరాన్ని గరగరలాడించే పెట్టె) గుండా పంపండి. అడుగునున్న బలం పోయి గరగర మాత్రమే మిగులుతుంది. (రెండుగా చీల్చి, ఒకటి శుభ్రంగా, ఇంకొకటి గరగరగా పంపి కలిపితే రాబ్ రైట్‌కు దగ్గరగా వస్తుంది. ఎవరికీ చెప్పకండి.) కాలితో కొట్టే కిక్ డ్రమ్ములో పాత గొంగడి కుక్కండి. గోడలకు గుడ్ల అట్టలు అంటించండి. అవి గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయే తప్ప చప్పుడును ఆపలేవు, అది తలుపు సందులోంచి నేరుగా ఓనరు మంచం దాకా పోతుంది. పాత ఇంట్లో ఎర్తింగ్ లేక ఆంప్లిఫయరు 50 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటే దాన్ని ప్రయోగం అనండి. ఓనరు మాత్రం "ఫ్యాను బేరింగు పోయినట్టుంది బిడ్డా" అంటాడు. ఒక్క మాట వ్యంగ్యం లేకుండా: ఎర్తింగ్ లేని చోట తీగలు పట్టుకుని మైకుకు పెదవులు తగిలిస్తే షాకు కొడుతుంది, ముందు ఎర్తింగ్ చేయించుకోండి. ప్రాక్టీసుకు వినాయక నిమజ్జనం రోజు శ్రేష్ఠం. వీధిలో డీజే బాక్సులుండగా మిమ్మల్ని ఎవరూ గుర్తించరు, కావలసిందీ అదే కదా.

ఇన్ని చేసినా ఎవడైనా మిగిలితే చివరి అస్త్రం హాన్సన్ బ్రదర్స్. ఆ అన్నదమ్ములే హాకీ జెర్సీలేసుకుని, రామోన్స్ అనే అమెరికన్ పంక్ బ్యాండు పద్ధతిలో సూటిగా వాయించిన పక్క బ్యాండు అది. "దాన్ని లెక్కలోకి తీసుకోవాలా, వద్దా?" అని అడగండి. తీసుకోవాలంటే లోతు లేనివాడు, వద్దంటే హాస్యం తెలియనివాడు. "ఆ పేరే వినలేదన్నా" అన్నవాడితో మాత్రం జాగ్రత్త. వాడు ఇంటికెళ్ళి వెతుకుతాడు.