ముక్కు మీద పడని పుస్తకం

పిల్లలకు పడుకునే ముందు చదివి వినిపించాల్సిన పుస్తకాల గురించి ఈమధ్య చాలామంది పెద్దలు రాస్తున్నారు. ఊహాశక్తి పెరుగుతుందట, మాటలు బాగా వస్తాయట, తల్లిదండ్రులతో బంధం గట్టిపడుతుందట. అలా రాసినవాళ్లలో ఒక్కరైనా రాత్రి తొమ్మిదిన్నరకి, విజయనగరంలో, దోమతెరలో వెల్లకిలా పడుకుని నాలుగేళ్ల పిల్లకి పుస్తకం చదివారా అన్నది నా అనుమానం. చదివి ఉంటే ముందుగా పుస్తకం బరువు గురించి రాసేవారు.

ఈ రంగంలో నాకు ఏడాదిన్నర అనుభవం ఉంది. ఆ అనుభవం మీద చెబుతున్నాను: నిద్రపుచ్చే పుస్తకం అంటున్నారు గానీ, అది ఎవరిని నిద్రపుచ్చాలో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. మా ఇంట్లో నన్నే. కుందేలు బావి దగ్గరికి వచ్చేసరికి నాకు రెప్ప వాలుతుంది, చెయ్యి సడలుతుంది, పుస్తకం వచ్చి ముక్కు మీద పడుతుంది. కాబట్టి పుస్తకం కొనేటప్పుడు చూడాల్సింది బొమ్మలనీ కాదు, నీతినీ కాదు. ముందు చదివేవాడి ముక్కు చూసుకోవాలి. (నీతి మీద నాకు కోపమేం లేదు. అది కథ చివర ఉంటుంది కదా, అంతదాకా నేనెప్పుడూ వెళ్లలేదు.)

ఈ లెక్కన చూస్తే చాలా గొప్ప పుస్తకాలు పరీక్ష తప్పుతాయి. పిల్లలు చింపకుండా, నమలకుండా మందపాటి అట్టతో చేసిన పుస్తకాలే తీసుకోండి. పాపకి గుచ్చుకోకూడదని మూలలు గుండ్రంగా కోస్తారు. అవి మూల మీద పడవని, పుస్తకం మొత్తంగా పడుతుందని ఆ చేసినవాళ్లకి ఎవరు చెప్పాలి? ఇంకో రకం ఉంది, బొమ్మ మీద నొక్కితే ఆవు అరుస్తుంది. ఒకరోజు అదృష్టం బాగుండి నాతోపాటు పాప కూడా నిద్రపోయింది. పుస్తకం నా మొహం మీద పడింది, ఆవు అరిచింది. ఆ తర్వాత పన్నెండు దాకా మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. మర్నాడు ఆ ఆవుని బ్యాటరీలు తీసేసి మేడ మీది గదిలో కట్టేశాం.

పాత చందమామలు ఈ విషయంలో మేలైనవి. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక పల్చగా, మెత్తగా, ముక్కు మీద పడినా విసనకర్ర తగిలినట్టు ఉండేది. కానీ మా నాన్న ఏడాదికో బైండు చేయించి దాచారు. పన్నెండు సంచికలు ఒకేసారి పడితే విసనకర్ర అనిపించదు. పైగా మా పాప వాటిని తెరవనివ్వదు. అట్ట మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఉంటే అక్కడే ఆగిపోతుంది. శ్రీకాకుళంలో పుట్టిన ఆ మహానుభావుడు ఒక్కో అమ్మాయికి ఎన్ని నగలు వేశారో లెక్కపెట్టాలట, నాతో. గాజుల దాకా వచ్చేసరికి నేను పోతాను.

అట్ట దాటి లోపలికి వెళ్లామంటే బేతాళ కథలు. పిల్లల్ని పడుకోబెట్టడానికి ఇంతకంటే పనికిరాని కథలు లేవని నా నిశ్చితాభిప్రాయం. మూలంలో పాతిక కథలే. చందమామ వాళ్లు అవి అయిపోయినా ఊరుకోకుండా దశాబ్దాల తరబడి కొత్తవి అల్లారు. ప్రతి కథా ప్రశ్నతోనే ఆగుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. పిల్లల తండ్రి బతుకుని ఇంత కచ్చితంగా చెప్పిన శాస్త్రం నేనింకోటి చూడలేదు. భుజం మీద వేసుకుని వసారాలో అటూ ఇటూ తిప్పితే పాప కళ్లు మూస్తుంది. సరిగ్గా అప్పుడే, "నాన్నా, శవానికి చలెయ్యదేటి?" అంటుంది. చెప్పకపోతే గడ్డం పట్టుకుని ఊపుతుంది. చెబితే వచ్చిన నిద్ర చెట్టెక్కేస్తుంది. నేను మళ్లీ చెట్టు దగ్గరికి వెళ్తాను.

పంచతంత్రం గురించి రెండే మాటలు. విష్ణుశర్మ ముగ్గురు మొద్దు రాజకుమారుల్ని ఆరు నెలల్లో తెలివైనవాళ్లని చేశాడంటారు. ఆ కుమారులకి పొద్దున్న ఏడున్నరకి స్కూలు వ్యాన్ లేదు. ఆయన కథలో కథ పెడతాడు, అందులో ఇంకో కథ పెడతాడు, ఈలోగా మొదటి కథలో ఎద్దు అడవిలో దిక్కులేకుండా పడి ఉంటుంది. అది లేచి గడ్డి మేసిందని చెప్పేదాకా మా పాప పడుకోదు. అదే పంచతంత్రంలో రెండు భాగాల్ని 1853లో చిన్నయసూరి నీతిచంద్రికగా రాశారు. నిద్ర సంగతే చూస్తే తెలుగులో దానికి తిరుగులేదు, మా స్కూల్లో తరగతికి తరగతీ సాక్ష్యం చెబుతుంది. మోతాదే కష్టం. చదివేవాడికి ఒక్క వాక్యం చాలు, వినేవాళ్లకి చాలదు.

ఇప్పుడు ఎలుగుబంటి విషయానికి వస్తాను. ఎక్కడో మంచు దేశంలో పుట్టి, తెలుగులోకి వచ్చిన బొమ్మల పుస్తకం. అందులో ఎలుగుబంటి మెడకి మఫ్లర్ చుట్టుకుని "తన హృదయంలో ఒక వెచ్చదనాన్ని అనుభూతి చెందుతుంది". మా అమ్మది ఉద్దానం. అక్కడ జీడితోటల్లోకి ఎలుగుబంటి వచ్చిందంటే ఊరు ఊరంతా తలుపులేసుకుంటుంది. అది ఏం అనుభూతి చెందిందో అడగడానికి ఎవరూ ఆగరు. అందుకని నేను ఆ వాక్యాన్ని మార్చి, "ఎలుగుబంటికి నిద్దరొచ్చీసింది, బేగి పడుకుండిపోయింది" అని చదివాను. దీనివల్ల నాలుగు పేజీలు కూడా కలిసొస్తాయి.

"పుస్తకంలో అలాగ లేదు" అంది పాప.

దానికి అక్షరాలు రావు. అ ఆలు ఇంకా బొమ్మల్లోనే ఉన్నాయి. కానీ ఆ పుస్తకం ముప్పై సార్లు విన్నది, వేలు పెట్టి మరీ చూపించింది. "ఇక్కడ వెచ్చదనం ఉంది. సదువు." గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆ వ్యావహారిక భాషా ఉద్యమం అన్నిచోట్లా గెలిచిందో లేదో పండితులు చెప్పాలి. మా దోమతెరలో మాత్రం ఓడిపోయింది. నేను వెనక్కి వెళ్లి వెచ్చదనాన్ని అనుభూతి చెందాను.

మా ఆవిడ ఇంకో మార్గం చెప్పింది. "ఏవండీ, కూర్చుని చదవొచ్చు కదా?" అంది. ఆలోచించాల్సిన విషయమే. కూర్చుని చదివిన రాత్రి పుస్తకం ముక్కు మీద పడలేదు, నేనే పుస్తకం మీద పడ్డాను.

మొన్న శనివారం రాత్రి జరిగింది చెప్పి ముగిస్తాను. ఎలుగుబంటి గుహ దాకా నడిచింది నాకు గుర్తుంది. తర్వాత ముక్కు మీద దెబ్బ పడినట్టూ, ఎవరో చిన్న చేతులతో పుస్తకం తీసి పక్కన పెట్టినట్టూ, దుప్పటి గడ్డం దాకా లాగినట్టూ లీలగా తెలిసింది. కళ్లు తెరవలేదు. దోమతెర కదిలింది, లైటు ఆరింది, పక్క గదిలోంచి గుసగుసలు వినిపించాయి.

"మామ్మా, నాన్నని పడుకోబెట్టీసినాను. నువ్వింక మీ తోటలో ఎలుగు సెప్పు."

"ఎక్కడాపేనమ్మా నిన్న?"

"సెట్టెక్కింది కదేటి!"