ఎనిమిదో నంబరు గారికి, నల్గొండ నుంచి

మహారాజశ్రీ ఎనిమిదో నంబరు గారి సముఖమునకు, నల్గొండ నుంచి మీ పాత భక్తుడు రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అనాలి గానీ నా ఎడమ కాలి బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది కాబట్టి ఆ కుశలమేదో మీ ఒక్కరి దగ్గరే ఉన్నట్టుంది.

గుర్తుపట్టారా నన్ను? పదో తరగతి సెలవుల్లో, గడియారం దగ్గర చెప్పుల దుకాణంలో మనకు పరిచయం. దుకాణం పిలగాడు నా కాలు చూడలేదు, నా ఎత్తు చూసి ఏడో నంబరు తెచ్చాడు. పొడవు సరిగ్గా ఉంది గానీ పక్కల నుంచి ఎవరో పట్టకారుతో నొక్కుతున్నట్టు ఉంది. అమ్మ వంగి బొటనవేలి దగ్గర నొక్కి చూసి, "ఇంకోటి పెద్దది చూపియ్యి బిడ్డా, పెరిగే పోరడు" అంది. అట్లా మీరొచ్చారు. ముందు వేలెడు ఖాళీ, దాంట్లో కొంచెం దూది కుక్కాం, మీరు నా సైజు అయిపోయారు. ఆ తర్వాత కాలు పెరగలేదు, ఖాళీ తగ్గలేదు, మీరు మాత్రం నన్ను వదల్లేదు. ఇంటర్వ్యూ బూట్లకు మీరే, పెళ్ళి బూట్లకు మీరే, బాత్రూం చెప్పులకూ మీరే. ఎవరడిగినా ఇంటిపేరు చెప్పినట్టు ఎనిమిది అనేవాణ్ణి, ఒక్కసారైనా అనుమానం రాలేదు.

ఇరవై ఏళ్ళు ఈ కాపురం బాగానే సాగింది. మన దగ్గర చెప్పు కాలికి అతుక్కుని ఉండాలని ఎవరూ అడగరు కదా. గుడి ముందు విప్పాలి, గడప ముందు విప్పాలి, ఫంక్షన్ హాల్లో విప్పి మళ్ళీ దొరికితే అదృష్టం అనుకోవాలి, అందుకని ఎంత వదులైతే అంత సుఖం. నడుస్తుంటే మడమ దగ్గర టపటపమంటే మనం దాన్ని తప్పనుకోం, మనిషి వస్తున్నాడని ఇంట్లోవాళ్ళకు కబురు అనుకుంటాం.

చెడింది మా తమ్ముడి వల్ల. వాడు టొరంటో పక్కన ఉంటాడు. ఇక్కడ ఉన్నప్పుడు ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో టెన్నిస్ బాలుతో సిక్సర్లు కొట్టినవాడు అక్కడికి పోయి ఆఫీసువాళ్ళతో ఆదివారాలు ఐస్ హాకీ ఆడుతున్నాడు, అంటే అడుగున బ్లేళ్ళున్న స్కేట్ బూట్లు తొడుక్కుని మంచు మీద ఆడే హాకీ. పోయిన చలికాలం నేను రెండు నెలలు వాళ్ళింట్లో ఉండడానికి పోతున్నానని తెలిసి ఫోన్ చేశాడు, "అన్నా, నీ కాలి నంబరెంత? స్కేట్లు చూసి పెడతా." నేను మీ పేరు చెప్పాను. వాడు ఇంజినీరు కదా, వెంటనే లెక్క కట్టాడు. మన బూట్ల మీద ఉండేది ఇంగ్లండ్ నంబరు, అక్కడ మగవాళ్ళ నంబరు దానికంటే దాదాపు ఒకటి ఎక్కువ, అంటే తొమ్మిది. ఎవరో వాడి అమ్ముతున్న తొమ్మిదో నంబరు హాకీ స్కేట్లు కొని మూలన పెట్టేశాడు. హాకీ స్కేటు నంబరు మామూలు బూటు నంబరు కంటే ఒకటో ఒకటిన్నరో తక్కువ ఉంటుందని మాత్రం వాడికి తెలియదు. వాడు తొడుక్కునేది ఆఫీసులో ఒకాయన ఇచ్చిన పాత జత, కొలిపించుకుని కొన్న పాపాన పోలేదు.

మొదటిరోజు సంగతి ఎక్కువ రాయను, పరువు సమస్య. నాలుగేళ్ళ పిల్లలు నా కాళ్ళ పక్కనుంచి చేపల్లాగా పోతుంటే నేను మంచు మైదానం చుట్టూ ఉన్న ప్రహరీ పట్టుకుని గంటలో ఒక చుట్టు తిరిగాను. మడమ లోపల పైకీ కిందికీ ఆడుతోంది, చీలమండలు రెండూ లోపలికి వంగిపోతున్నాయి. చూసినవాళ్ళంతా నీ చీలమండల్లో బలం లేదు అన్నారు, నేను నమ్మాను కూడా, చిన్నప్పుడు పాలు తాగలేదని అమ్మ తిట్టింది నిజమేనేమో అనుకున్నాను. "గట్టిగా కట్టన్నా" అన్నాడు తమ్ముడు. బోరు మోటారుకు తాడు బిగించినట్టు బిగించాను. మడమ ఆడడం ఆగలేదు గానీ చీలమండ ముందువైపు నరం మీద తాళ్ళు కోసుకుపోయి రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. దానికి అక్కడ లేస్ బైట్ అని పేరు కూడా ఉంది, తాళ్ళ కాటు అన్నమాట. తేలు కాటుకు మంత్రమేసేవాళ్ళు మా దిక్కు ఉన్నారు, దీనికి లేరు. బొటనవేలి గోరు నల్లబడింది కూడా ఆ వారమే, జారినప్పుడల్లా కాలు ముందుకు పోయి కొట్టుకుని.

చివరికి హాకీ సామాన్ల దుకాణానికి పోయాం. అక్కడ ఒక పెద్దాయన నా నంబరు అడగలేదు. ఇరవై ఏళ్ళలో నా నంబరు అడగని మొదటి దుకాణదారుడు ఆయనే. ముందు సాక్సులు విప్పమన్నాడు. అమ్మ భయానికి నేను రెండు జతల ఉన్ని సాక్సులు వేసుకుని ఉన్నాను, ఆయన వాటిని చూసి ఏమీ అనకుండా సన్నవి ఒక జత ఇచ్చాడు. ఒక లోహపు పలక మీద నిలబెట్టాడు. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ అనే ఊళ్ళో చెప్పుల దుకాణం వాళ్ళ అబ్బాయి చార్లెస్ బ్రానాక్ 1920లలో తయారుచేసిన కొలపరికరం అది, వందేళ్ళైనా ఇంకా అదే వాడుతున్నారు. పొడవొక్కటే కాదు, వెడల్పూ చెబుతుంది, మడమ నుంచి బొటనవేలి మొదలు వరకు ఎంతుందో కూడా చెబుతుంది. ఆయన పక్కనున్న మీటను నా కాలికి ఆనించి, తల ఊపి, వాళ్ళ లెక్కలో బూటు ఎనిమిది, వెడల్పు డబుల్ ఈ, స్కేటు ఆరున్నర అన్నాడు.

ఆరున్నర!

వాళ్ళ ఎనిమిది అంటే మన ఏడు. అంటే దుకాణం పిలగాడు మొదట తెచ్చింది కరెక్టు. నా కాలికి చాలనిది పొడవు కాదు, వెడల్పు. పక్కల నొక్కుతుంటే మేం ముందుకు పెంచాం. ఇల్లు ఇరుకని పైన అంతస్తు వేసుకున్నట్టు. తమ్ముడు కొన్న తొమ్మిదికీ నాకు కావలసిన ఆరున్నరకీ మధ్య రెండున్నర నంబర్లు, కొలిస్తే రెండు సెంటీమీటర్ల పైచిలుకు. ఆ రెండు సెంటీమీటర్లలో నా పరువు, ఒక గోరు, చీలమండల మీద నమ్మకం, అన్నీ పోయాయి.

ఇక మీరు అనడం మానేస్తున్నా, ఏమనుకోకు. ఆ రాత్రి నిద్ర పట్టక నీ వంశం గురించి వెతికాను. నువ్వు పుట్టింది బార్లీ గింజలోనట. మూడు బార్లీ గింజలు ఒకదాని వెనక ఒకటి పెడితే ఒక అంగుళం, ఒక్కో గింజ ఒక్కో నంబరు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల సైజులు నాలుగంగుళాల దగ్గర సున్నాతో మొదలై పదమూడు దాకా పోతాయి, పద్నాలుగు రావాల్సిన చోట మళ్ళీ ఒకటి. మా సర్కారు బడిలో ఫెయిలైనవాణ్ణి అదే తరగతిలో కూర్చోబెట్టేవాళ్ళు, అంతేగానీ మళ్ళీ ఒకటో తరగతికి పంపలేదు. యూరప్‌లో ఇంకో లెక్క, సెంటీమీటరులో మూడింట రెండు వంతులు ఒక నంబరు, అక్కడికి పోతే నువ్వే నలభై రెండు అని చెప్పుకు తిరుగుతావు. మంచుకొండల మీద వేసుకునే స్కీ బూట్లవాళ్ళు మాత్రం బుద్ధిగా కాలి పొడవునే నంబరుగా పెట్టుకుంటున్నారు. మన పాత కొలతల్లో కూడా గింజలే ఉన్నాయి, ఎనిమిది యవగింజలు, అవీ బార్లీయే, ఒక అంగుళం, అంటే వేలి వెడల్పు. కాకపోతే మనవాళ్ళు గింజల్ని పక్కపక్కన, వెడల్పు వైపు పేర్చారు. ఇంగ్లండువాళ్ళు పొడుగ్గా పేర్చారు. నీకూ నాకూ గొడవ ఎక్కడుందో ఇప్పుడైనా అర్థమైందా?

స్కేట్లవాళ్ళు ఈ సంగతి ఎప్పుడో ఒప్పుకున్నారు. నంబరు పక్కన డి అంటే మామూలు వెడల్పు, ఈఈ, అదే డబుల్ ఈ, అంటే వెడల్పు కాలు. స్కేట్లు చేసే బావర్ కంపెనీవాళ్ళు ఇప్పుడు దాన్ని ఫిట్ 1, 2, 3 అని మార్చారు, సీసీఎం వాళ్ళు టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అంటున్నారు. ఒకరి ఆరున్నర ఇంకొకరి ఆరున్నరలాగా ఉండాలని రూలేం లేదు, తొడుక్కుని చూడాల్సిందే. తొడుక్కోవడం కూడా ఒక తతంగం. తాళ్ళు వదులు చేసి కాలు పెట్టి మడమను నేలకేసి రెండుసార్లు కొట్టాలి, అది వెనక్కి పోయి కూర్చోవడానికి. నిటారుగా నిలబడితే వేళ్ళ చివర్లు బూటు ముందున్న గట్టి టోపీని తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్ళు వంచగానే వేళ్ళు వెనక్కి జరగాలి. నేను నిటారుగా నిలబడి "టైట్ ఉంది, ఇంకోటి పెద్దది" అన్నాను, నోరు అలవాటు ప్రకారం పోయింది. పెద్దాయన "మోకాళ్ళు వంచు" అన్నాడు. వంచాను. వేళ్ళు హాయిగా వెనక్కి వచ్చాయి. నిలబడి హాకీ ఎవరూ ఆడరు కదా! మనం మాత్రం దుకాణంలో నిలబడి కొంటాం.

తర్వాత తాళ్ళు కట్టకుండా బూటు నాలుకను ముందుకు లాగి, పైనుంచి మూడో రంధ్రాల జత మీద అడ్డంగా ఒక పెన్సిల్ పెట్టాడు. పెన్సిల్ రెండు అంచుల మీద ఆనితే బూటు లోతు చాలినట్టు, మధ్యలో కాలికి తగిలి లేస్తే కాలు బయటికి పొంగుతున్నట్టు. రెండు రూపాయల పెన్సిల్‌తో తేలిపోయే సంగతి. పిల్లల బూట్లలో అయితే తాళ్ళు వదిలి వేళ్ళను ముందుకు తోసి మడమ వెనక వేలు పెట్టి చూస్తారు, ఒక వేలు పడితే చాలు, రెండు పట్టాయంటే పెద్దదే. పెరిగే పోరడికి కూడా అంతకుమించి ఇవ్వరు. అమ్మ వింటే ఆయన్ని పిసినారి అనేది.

ఇంకా అయిపోలేదు. బూట్లను పొయ్యిలో పెట్టాడు, నిజంగానే, ఎనభై డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు. మెత్తబడ్డాక తొడిగి, తాళ్ళు పైకి కాకుండా పక్కలకు లాగి కట్టి, పావుగంట లేవకుండా కూర్చోబెట్టాడు. కాలి ఆకారం పడుతుందట. ఆ రోజు మంచు మీదికి పోవద్దు, రేపు రా అన్నాడు. ఫోన్‌లో అమ్మకు చెబితే, "మే నెలల మన డాబా మీద పెడ్తే అయిపోవు కదరా, కరెంటెందుకు దండగ" అంది. డాబా మీద కూడా ఎనభై రాదమ్మా, ఇంకా రాలేదు, వచ్చే ఏడు చూద్దాం అన్నాను. ఒక్క సంగతి మాత్రం ఆయన గట్టిగా చెప్పాడు: పొయ్యిలో పెడితే బూటు కాలికి ఒదుగుతుంది, తప్పు నంబరు మాత్రం ఒప్పు కాదు. అంటే నిన్ను పొయ్యిలో పెట్టినా లాభం లేదు.

మరుసటిరోజు గోడ వదిలేశాను. ఆడానని చెప్పను, వదిలేశాను. చీలమండలు నిటారుగా ఉన్నాయి, అమ్మ పాలకు ఏ సంబంధమూ లేదు.

నిన్ను ఒక్కణ్ణే తిట్టడం కూడా అన్యాయమేలే. చెన్నైలో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఉంది కదా, వాళ్ళు దేశమంతా తిరిగి లక్ష మందికి పైగా పాదాలు కొలిచారు. మనవాళ్ళ పాదాలు ఇంగ్లండ్, అమెరికావాళ్ళ పాదాల కంటే వెడల్పని తేలింది. మన కోసం వేరే సైజులు ఉండాలని, వాటికి భారత్‌లోని మొదటి అక్షరం పెట్టి 'భ' అని పేరు పెడదామని 2024లో ప్రతిపాదన వచ్చింది. పేపర్లో చదివినరోజు లేచి నిలబడి చప్పట్లు కొడదామనుకున్నాను, గోరు గుర్తొచ్చి కూర్చున్నాను. అంటే అమ్మ తప్పు లేదు, పిలగాడి తప్పు లేదు. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా చెలకల్లో తిరిగి విప్పారిన కాళ్ళను సన్నకాళ్ళవాళ్ళ డబ్బాల్లో ఇరికించాలంటే నీ దాకా రాక తప్పదు. దేశంలో సగంమంది నిన్నూ నీ అన్నదమ్ముల్నీ అట్లాగే నమ్ముకుని ఉంటారు.

మా నాయనమ్మ ఊరు దేవరకొండ దిక్కు. అక్కడ చెప్పులు కుట్టే తాత ఒకాయన ఉండేవాడు, మా తాత కిర్రు చెప్పులు ఆయన చేతివే. తోలు మీద కాలు పెట్టమని చుట్టూ బొగ్గుతో గీత గీసేవాడు, రెండు కాళ్ళకూ విడివిడిగా, ఎందుకంటే ఏ మనిషికీ రెండు కాళ్ళూ ఒకటి కావని ఆయనకు తెలుసు. ఆయన కుట్టిన చెప్పుల మీద నంబరు ఉండేది కాదు, ఫలానావాళ్ళవి అని గుర్తు ఉండేది. ఇప్పుడు ఖరీదైన స్కేట్లు కొనేవాళ్ళ కాళ్ళను మిషన్ మీద నిలబెట్టి స్కాన్ చేస్తున్నారు. తాతకు చెబితే బొగ్గు పాడైందా అని అడిగేవాడు.

సరే, అసలు ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, స్కేట్లు ఇప్పుడు మా ఇంట్లో అటక మీద ఉన్నాయి, ఎరువు బస్తా కవరులో, బ్లేళ్ళకు కొబ్బరినూనె పూసి. నల్గొండలో వాటితో ఏం చేస్తావని అడగకు, అందరూ అడుగుతున్నారు. పోయిన వారం నా చెప్పులు తెగిపోతే అమ్మా నేనూ అదే గడియారం దగ్గరికి పోయాం. పిలగాడు మారాడు, స్టూలు మారలేదు. "నంబరెంత సార్?" అన్నాడు. "ఏడు, వెడల్పుది ఉందా?" అన్నాను. "వెడల్పంటే?" అన్నాడు. ఏడు తెచ్చాడు, పక్కల నొక్కింది, ఇరవై ఏళ్ళ కింద ఎక్కడ నొక్కిందో సరిగ్గా అక్కడే. నేను నోరు తెరవకముందే అమ్మ, "ఇంకోటి పెద్దది చూపియ్యి బిడ్డా" అంది.

డబ్బా మూత తీశాడు. నువ్వే.

వేసుకుని అటూ ఇటూ నాలుగడుగులు వేశాను. ముందు వేలెడు ఖాళీ. మడమ దగ్గర టపటప. అమ్మకు నచ్చింది.

ఇట్లు,
ఆరున్నర, డబుల్ ఈ